తల చిన్నదైతే కడుపు మాడాలా?

మైక్రోసెఫలీ బిడ్డల తిండిపై యంత్రాంగం దృష్టి పెట్టాలి

చిన్న తలతో పుట్టిన బిడ్డ రోజురోజుకూ చిక్కిపోతుంటే ఊళ్లో ఎవరికీ ఆశ్చర్యం కలగదు. "ఆ గుంటడి తీరే అంత, తిండి ఒంటికి పట్టదు" అని ఇరుగుపొరుగు అంటారు. అంగన్‌వాడీలో తూకం వేసి కార్డు మీద చుక్క పెట్టే కార్యకర్త నోటా అదే మాట వినిపిస్తుంది. ఆస్పత్రికి తీసుకెళితే చీటీ మీద జబ్బు పేరు రాస్తారు. బిడ్డ బరువు ఎందుకు తగ్గిందో మాత్రం చాలాసార్లు రాయరు. పేరు తెలిసిపోయింది గనుక ఇక అడగవలసింది ఏమీ లేదన్నట్టు అందరూ ఊరుకుంటారు.

పొరపాటు ఇక్కడే జరుగుతోంది. తల చిన్నగా ఉండటం ఒక సంగతి, ఒళ్లు చిక్కిపోవడం మరొక సంగతి. మొదటిదాన్ని సరిచేసే మందు ఇంతవరకూ లేదు. రెండోదానికి చాలామంది పసివారిలో ప్రధాన కారణం ఆకలి. పాలు చీకలేక, మింగలేక, మింగినా పొలమారి బిడ్డకు చాలినంత తిండి అందడం లేదు. దీనికి ఉపాయం ఉంది. ఆ ఉపాయం తల్లికి నేర్పే మనిషి గ్రామంలో కరువు కావడమే శోచనీయం.

కొలత ఎంత?

నెలలు నిండి పుట్టిన మగబిడ్డ తల చుట్టుకొలత సగటున 34.5 సెంటీమీటర్లు, ఆడబిడ్డకు 33.9 సెంటీమీటర్లు ఉంటుంది. మగబిడ్డకు 31.9, ఆడబిడ్డకు 31.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే వైద్యులు దాన్ని మైక్రోసెఫలీ అంటారు. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వేరే పట్టిక ఉంది. కాన్పు సమయంలో తల నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఒక రోజు గడిచాక, వారం లోపున కొలవాలని 2016లో ఆ సంస్థ సూచించింది. కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సాగని టేపును కనుబొమలకు కాస్త పైనుంచి, చెవుల మీదుగా, తల వెనుక ఎత్తుగా ఉన్న చోటు చుట్టి తెస్తే సరిపోతుంది.

చిన్న తల ఉన్న బిడ్డలందరూ ఒకే తీరుగా ఉండరు. కొద్దిపాటి తేడాతో పుట్టి అందరిలాగే నడిచి, మాట్లాడి, బడికి వెళ్లేవారు ఉన్నారు. కొందరికి ఫిట్స్, కండరాల బిగువు, చూపు లోపం, వినికిడి లోపం తోడవుతాయి. తిండి బాధ ఎక్కువగా ఉండేది ఈ రెండో రకం బిడ్డల్లోనే.

కారణాలు కూడా ఒకటి కాదు. తల్లి కడుపులో ఉండగా సోకిన రుబెల్లా, సైటోమెగలో వైరస్, టాక్సోప్లాస్మా, జికా వంటి వ్యాధులు మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యు లోపాలు మరికొన్నింటికి మూలం. గర్భిణి మద్యం తాగడం, కాన్పులో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం వల్ల కూడా తల ఎదుగుదల కుంటుపడవచ్చు. గ్రహణం చూడటం వల్ల, శూలాలకు వచ్చిన గర్భిణి కత్తిపీట ముట్టుకోవడం వల్ల ఇలా జరిగిందన్న మాటల్లో రవ్వంత నిజం లేదు. అయినా ఆ నింద మోసేది తల్లే. నింద భయంతో బిడ్డను నలుగురిలోకి తీసుకురాని ఇళ్లలో బిడ్డ తూకానికి రాదు, టీకాకు రాదు, ఎవరి లెక్కలోకీ రాదు.

బిడ్డ తల గుండ్రంగా, పెద్దగా రావాలని నూనె రాసి ఒత్తే అలవాటు పల్లెల్లో ఉంది. మెదడు పెరిగితేనే పుర్రె పెరుగుతుంది. పైనుంచి ఒత్తితే పెరిగేది ఏమీ లేదు. మెదడును పెంచుతామంటూ అమ్మే టానిక్కులు, వేర్ల మందులు కూడా అంతే. మేకల్ని అమ్మి ఆ మందులు కొనే కుటుంబం అదే డబ్బుతో బిడ్డకు గుడ్లు, పప్పు, నెయ్యి పెట్టుకుంటే ఫలితం కళ్లకు కనిపిస్తుంది.

పాలు ఎందుకు దిగవు?

పాలు తాగడం చూసేవారికి సులువుగా కనిపిస్తుంది. నిజానికి అది చాలా పెద్ద పని. పెదవులు బిగించి, నాలుకతో చీకి, ఊపిరి ఒక్క క్షణం ఆపి మింగి, మళ్లీ ఊపిరి తీసుకోవాలి. ఇవన్నీ వరుస తప్పకుండా జరగాలి. ఈ వరుసను నడిపేది మెదడు. మెదడు దెబ్బతిన్న బిడ్డలో ఆ వరుస తప్పుతుంది. నాలుక పాలను లోపలికి తీసుకోవడానికి బదులు బయటికి నెడుతుంది. పెదవులు మూతపడక పాలు కారిపోతాయి. ఒళ్లు బిగిసి బిడ్డ విల్లులా వెనక్కి వంగుతుంది. కొంత పాలు గాలిగొట్టంలోకి పోయి దగ్గు వస్తుంది. తాగింది గొంతులోకి ఎగదన్నుతుంది. మలబద్ధకంతో కడుపు ఉబ్బి ఆకలి చస్తుంది. ఫిట్స్ మందుల మత్తులో బిడ్డ పాలవేళకు లేవదు.

ఇందులో తల్లిని మోసం చేసే సంగతి ఒకటుంది. మొదటి రెండు మూడు నెలలు కొందరు బిడ్డలు బాగానే తాగుతారు. పుట్టుకతో వచ్చే చీకే గుణం అప్పటికి పని నడిపిస్తుంది. తర్వాత ఆ గుణం తగ్గి, మెదడు ఆధీనంలో మింగవలసిన వయసు వచ్చేసరికి కష్టం బయటపడుతుంది. "మొన్నటిదాకా బాగానే తాగేవాడు, దిష్టి తగిలింది" అని ఇంట్లో అనుకుంటారు. దిష్టి తీయడంలో, తాయెత్తు కట్టడంలో నెలలు గడిచిపోతాయి. బిడ్డ బరువు అక్కడే ఆగిపోతుంది.

బ్రెజిల్ చెప్పిన పాఠం

ఈ సంగతి ప్రపంచానికి స్పష్టంగా తెలిసింది బ్రెజిల్ దేశంలో. దోమల ద్వారా వ్యాపించే జికా వైరస్ గర్భిణులకు సోకడంతో 2015లో అక్కడి ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా పెర్నంబుకోలో, చిన్న తలతో పుట్టే బిడ్డల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆ ఏడాది నవంబరులో బ్రెజిల్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ప్రకటించింది. పత్రికలన్నీ తల కొలతల గురించే రాశాయి. కొన్ని నెలలు గడిచాక తల్లులు బిడ్డలను ఎత్తుకుని మరో బాధతో ఆస్పత్రులకు రావడం మొదలైంది. బిడ్డలు మింగలేకపోతున్నారు.

పెర్నంబుకో రాజధాని రెసిఫేలో వైద్యులు ఇలాంటి బిడ్డలను పరీక్షించి, మింగుడు కష్టం మూడో నెల తర్వాత బయటపడుతోందని 2017లో వెల్లడించారు. కొందరికి ముక్కు గొట్టం, మరికొందరికి పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టవలసి వచ్చింది. కడుపులో ఉండగా జికా దెబ్బ తిన్న బిడ్డలు మూడేళ్ల లోపున చనిపోయే ముప్పు మిగతా బిడ్డల కన్నా సుమారు 11 రెట్లు ఎక్కువని 2022లో వెలువడిన బ్రెజిల్ అధ్యయనం తేల్చింది. అన్ని మరణాలకూ తిండే కారణమని దాని అర్థం కాదు. అయితే పుట్టిన రోజున తల కొలిచి వదిలేస్తే సరిపోదని, ఆ బిడ్డ వెంట ఏళ్ల తరబడి నడవాలని అది గట్టిగా చెబుతోంది.

జికా భారతదేశానికి తెలియని జబ్బు కాదు. 2017లో అహ్మదాబాద్‌లో, 2018లో జైపూర్‌లో, 2021లో కేరళలో, కాన్పూర్‌లో, 2024లో పుణేలో కేసులు బయటపడ్డాయి. బ్రెజిల్ ఉదంతం తర్వాత కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ద్వారా 55 కేంద్రాలలో చిన్న తల బిడ్డల లెక్కపై నిఘా పెట్టింది. లెక్క మంచిదే. లెక్కలో చేరిన బిడ్డ ఆ తర్వాత ఏం తింటున్నదో చూసే ఏర్పాటు కూడా అంతే ముఖ్యం.

కాళ్లమీద పడుకోబెట్టి పోయవద్దు

పల్లెల్లో ఉగ్గు పోసే పద్ధతి అందరికీ తెలుసు. పెద్దావిడ కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో నోట్లో పోస్తుంది. మింగకపోతే ముక్కు మూసి మింగించేవారూ ఉన్నారు. మింగుడు సరిగా లేని బిడ్డకు ఇది ప్రాణాపాయం. వెల్లకిలా ఉన్న బిడ్డ గొంతులో పాలు నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. ఆముదం, నెయ్యి ముక్కులోనో నోట్లోనో వేస్తే అది ఊపిరితిత్తుల్లో చేరి మొండి న్యుమోనియా తెస్తుంది. నెలకోసారి ఆయాసంతో ఆస్పత్రిలో చేరే బిడ్డల్లో కొందరి జబ్బు మొదలయ్యేది గాలి వల్లా, చలి వల్లా కాదు. పోసే తీరు వల్ల.

మార్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. బిడ్డను ఒళ్లో సగం కూర్చున్నట్టు పెట్టుకోవాలి. తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండాలి. గడ్డం కొద్దిగా కిందికి వంగి ఉండాలి. తల వెనక్కి వాలితే గాలిగొట్టం తెరుచుకుంటుంది. మెడ నిలవని బిడ్డకు మోచేతి మడతలో ఆసరా ఇవ్వాలి. నాలుక బయటికి నెట్టే బిడ్డకు గడ్డం కింద ఒక వేలు ఆనించి దవడకు సాయం పట్టవచ్చు. చీకే శక్తి లేకపోతే తల్లిపాలు శుభ్రమైన గిన్నెలోకి పిండి, చెంచాతో కొద్దికొద్దిగా చెంప వైపు నుంచి పట్టాలి. ఒక చెంచా మింగినట్టు చూశాకే రెండోది పట్టాలి. పాలసీసా పీక రంధ్రం పెద్దది చేసి ధారగా వదలడం మంచిది కాదు. తాగించాక అరగంట సేపు బిడ్డను నిటారుగా ఎత్తుకుంటే ఎగదన్నడం తగ్గుతుంది. మత్తులో ఉన్నప్పుడు, ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు. మత్తుగా ఉంటున్నాడని ఫిట్స్ మందు సొంతంగా మానిపించడం కూడా ప్రమాదమే. మోతాదు మార్చవలసింది డాక్టరు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. తాగేటప్పుడు ప్రతిసారీ దగ్గు రావడం, పెదవులు నీలంగా మారడం, పాలు ముక్కులోంచి రావడం, తాగాక గొంతులో గురగుర, పూటపూటకూ అరగంట దాటినా కడుపు నిండకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా, మూత్రం తగ్గడం, నెల గడిచినా బరువు పెరగకపోవడం. ఇలాంటి బిడ్డకు కొంతకాలం ముక్కు గొట్టం ద్వారా పాలు పోయాలని డాక్టరు చెబితే తల్లిదండ్రులు బెదిరిపోతారు. "గొట్టం పెడితే ఇక ఆశ లేదన్నమాట" అనుకుంటారు. అది తప్పు. ఆకలితో ఉన్న బిడ్డకు గొట్టం ఒక దారి మాత్రమే. బలం పుంజుకున్నాక నోటితో తాగడం మళ్లీ నేర్పవచ్చు.

పలుచని జావతో ఒళ్లు రాదు

ఆరు నెలలు నిండేవరకు ఏ బిడ్డకైనా తల్లిపాలే తిండి, తల్లిపాలే నీరు. చిన్న తల బిడ్డకు కూడా ఇదే నియమం. ఆ తర్వాతే చిక్కు మొదలవుతుంది. మింగలేడని భయపడి ఏడాది దాటినా నీళ్లపాలు, చోడిపిండి పలుచని జావతో సరిపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. గొంతులో సులువుగా దిగుతుందని తల్లి అనుకుంటుంది. నిజానికి మింగుడు సరిగాలేని చాలామంది బిడ్డలకు నీళ్లలాంటి పదార్థమే త్వరగా పొలమారుతుంది. ముద్దగా, మెత్తగా ఉన్నది నాలుక మీద నిలిచి నెమ్మదిగా దిగుతుంది. ఏ బిడ్డకు ఎంత చిక్కదనం సరిపోతుందో మింగుడు పరీక్షించిన డాక్టరు చెప్పాలి.

బలం లెక్కలోనూ పలుచని జావ దండగే. పసిబిడ్డ కడుపులో కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. అయిదు కిలోల బిడ్డ ఒక పూటకు 150 మిల్లీలీటర్ల దగ్గర ఆగిపోతాడు. ఆ చోటు నీళ్లతో నిండితే బలమైన తిండికి చోటు ఉండదు. అందుకే చిన్న గిన్నెడు తిండిలోనే ఎక్కువ బలం ఉండేలా చూడాలి. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు చిక్కగా మెదిపి, చెంచాడు నూనె గానీ నెయ్యి గానీ కలిపితే ఆ ఒక్క చెంచాతో సుమారు 40 కేలరీలు అదనంగా అందుతాయి. ఉడికిన గుడ్డు మెదిపి పెట్టవచ్చు. అరటిపండు, ఉడికిన చిలగడదుంప, గుమ్మడి మెత్తగా నలిపి పెట్టవచ్చు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడిని కూడా జావలా కాకుండా చిక్కగా కలిపి తినిపించాలి. రోజుకు మూడు పెద్ద పూటలకు బదులు అయిదారు చిన్న పూటలు పెడితే బిడ్డ అలసిపోడు. ఏడుస్తున్న బిడ్డ నోట్లో కుక్కడం మాత్రం చేయకూడదు. ఒకసారి ఊపిరాడక భయపడిన బిడ్డ చెంచా చూస్తేనే నోరు బిగిస్తాడు.

టీకాలు, ఐరన్ సిరప్, విటమిన్ ఎ చుక్కలు వీరికీ అందాలి. బలహీనంగా ఉన్నాడని టీకా వాయిదా వేసే ఇళ్లున్నాయి. బలహీనుడికే టీకా అవసరం ఎక్కువ. ఫిట్స్ ఉన్న బిడ్డ సంగతి ముందుగా డాక్టరుకు చెప్పి వేయించాలి.

పెట్టి ఏం లాభం?

ఈ ప్రశ్న పైకి కొందరే అడుగుతారు. లోపల అనుకునేవారు చాలామంది. తిండి పెడితే తల పెరుగుతుందా, బుద్ధి వస్తుందా అని వారి వాదన. కూలి చేసుకుని బతికే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలున్నప్పుడు ఉన్న ఒక్క గుడ్డు ఎవరికి పెట్టాలన్న సంకటం నిజమైనదే. దాన్ని తేలిక చేయడం న్యాయం కాదు.

జవాబు మాత్రం స్పష్టం. తిండితో పుర్రె సాధారణ కొలతకు రాదు. ఆ ఆశ పెట్టేవారిని నమ్మకూడదు. అయితే తొలి రెండేళ్లలో ఆకలి ఏ బిడ్డ మెదడునైనా దెబ్బతీస్తుంది. ఇప్పటికే దెబ్బతిన్న మెదడుకు ఆకలి రెండో దెబ్బ. కడుపు నిండిన బిడ్డ జ్వరాన్ని, న్యుమోనియాను తట్టుకుంటాడు. ఏడుపు తగ్గి నిద్ర పోతాడు. మెడ నిలపడానికి, కూర్చోవడానికి నేర్పే వ్యాయామాలు చేయించాలన్నా కండరంలో బలం ఉండాలి. ఆ బలం వచ్చేది తిండి వల్లనే. వీటన్నిటికీ మించి, ఆకలి బాధ ఏ బిడ్డకైనా ఒకటే. నోరు తెరిచి చెప్పలేని బిడ్డకు ఆకలి లేదనుకోవడం అన్యాయం.

కొందరు బిడ్డలు జన్యు కారణాల వల్ల పొట్టిగానే ఉంటారన్న వైద్యుల మాట నిజం. అలాంటి బిడ్డను వయసు గీతతో పోల్చి తల్లిని నిరాశపరచకూడదు. పొడవుకు తగిన బరువు ఉందా, పోయిన నెల కన్నా ఈ నెల ఎదిగాడా అన్నది చూడాలి. ఆరు నెలలు నిండిన బిడ్డకు భుజానికీ మోచేతికీ నడుమ చేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గితే అది తీవ్ర పోషకాహార లోపం. తల ఎంత చిన్నదైనా ఈ కొలత మారదు. "ఈ జబ్బు బిడ్డలు ఇంతే" అన్న మాట ఇక్కడ చెల్లదు.

తూకం వేసి ఊరుకుంటే చాలదు

శ్రీకాకుళం జిల్లాలో ప్రతి ఊరికీ ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ తెలిసినవే. ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డ ఇంటికి 42 రోజుల లోపు ఆరుసార్లు ఆశా కార్యకర్త వెళ్లాలన్నది నియమం. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల వయసులో కూడా ఇంటికి వెళ్లాలని 2018లో కేంద్రం కార్యక్రమం తెచ్చింది. మింగుడు కష్టం బయటపడే మూడో నెల ఈ పట్టికలో ఉంది. ఘన పదార్థాలు మొదలయ్యే ఆరో నెల కూడా ఉంది. అంటే కొత్త పథకం అక్కర్లేదు. ఉన్న పథకంలో వెళ్లిన మనిషి ఏం చూడాలో తెలిస్తే చాలు.

ఆశా కార్యకర్త పది నిమిషాలు కూర్చుని తల్లి పాలు పడుతుండగా చూడాలి. దగ్గు వస్తోందా, ఎంతసేపు పడుతోంది, ఎలా ఎత్తుకుంటోంది అన్న మూడు సంగతులు గమనించాలి. రిజిస్టరులో బరువు పక్కనే రాయాలి. ఇందుకు ఒక పూట శిక్షణ చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పుట్టిన ప్రతి బిడ్డ తల కొలత కార్డు మీద రాయడం, తర్వాత తూకంతోపాటు కొలవడం అలవాటు కావాలి. ఏడాది నిండేసరికి మగబిడ్డ తల సగటున 46.1, ఆడబిడ్డకు 44.9 సెంటీమీటర్లకు పెరగాలి. పుట్టినప్పుడు బాగుండి తర్వాత వెనుకబడే తలలు కూడా కొలిస్తేనే తెలుస్తాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక లోపాలు, ఎదుగుదల జాప్యం ఉన్న బిడ్డలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. కాగితం మీద దారి సరిగానే ఉంది. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి శ్రీకాకుళం రావాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. మందస, మెళియాపుట్టి కొండ గ్రామాల వారు ముందు బస్సు దొరికే చోటికి చేరుకోవాలి. పలాసలో జీడిపప్పు ఒలిచి బతికే తల్లి ఒక్క రోజు ఆస్పత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది. వారానికోసారి రమ్మంటే రెండు వారాలు వస్తుంది, మూడో వారం మానేస్తుంది. తల్లికి శ్రద్ధ లేదని అప్పుడు రాసుకుంటారు. దూరాన్ని రాసుకోరు.

కాబట్టి నెలకోసారైనా ఆ నిపుణులే టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వంటి చోట్లకు వచ్చి, ముందుగా చెప్పిన రోజున బిడ్డలను చూడటం న్యాయం. బాగా చిక్కిపోయిన బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చినప్పుడు మిగతా బిడ్డలకు ఇచ్చే పాలే కొలిచి ఇస్తే చాలదు. ఈ బిడ్డకు ఎలా పట్టాలో తల్లి చేత పట్టించి చూసి, నేర్చుకున్నాకే ఇంటికి పంపాలి. లేకపోతే అక్కడ పెరిగిన అరకిలో ఇంటికొచ్చాక కరిగిపోతుంది.

తల్లి ఒక్కతే మోయాలా?

ఒక పూట తిండికి అరగంట, రోజుకు అయిదారు పూటలంటే మూడు గంటలు. మధ్యలో కక్కితే మళ్లీ మొదలు. ఇంటి పని, కూలి పని, మిగతా పిల్లలు సరేసరి. ఈ బరువంతా ఒక్క తల్లి మీద పడేసి బిడ్డ చిక్కాడని ఆమెనే అనడం పాపం. తినిపించే తీరు తండ్రి నేర్చుకోవాలి, నాయనమ్మ నేర్చుకోవాలి. ఉగ్గు పోసి పదిమందిని పెంచిన చేయి చెంచాతో పట్టడం నేర్చుకోవడం కష్టం కాదు.

రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు రూ.6,000 అయింది. 40 శాతం లోపం ఉన్నట్టు సర్టిఫికెట్టు ఉండాలి. అది చేతికి రావడానికి ఏళ్లు పడితే బిడ్డ ఎదగవలసిన కాలం దాటిపోతుంది. పసివారి పరీక్షను పెద్దల వరుసలో కలపకుండా ముందుగా చేయాలి. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద నడిచే నిరామయ ఆరోగ్య బీమాలో సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది. వ్యాయామ చికిత్సకు కూడా ఇది వర్తిస్తుంది. ఈ సంగతి గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద రాసి పెట్టడానికి ఖర్చేమీ కాదు.

మరో బిడ్డకు రాకుండా

కొన్ని కారణాలను ఆపవచ్చు. రుబెల్లాను అడ్డుకునే ఎంఆర్ టీకాను 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లో పెద్ద ఎత్తున వేశారు. ఇప్పుడది 9 నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల నడుమ రెండోది. ఈనాటి ఆడపిల్లకు వేసే ఈ టీకా రేపటి బిడ్డ మెదడును కాపాడుతుంది. జికాను మోసేది డెంగీని మోసే దోమే. తొట్టెలు, కుండలు, పాత టైర్లలో నిలిచే నీళ్లు పారబోస్తే రెండూ తగ్గుతాయి.

మేనరికాల మాట కూడా చెప్పుకోవాలి. కొన్ని జన్యు లోపాలు భార్యాభర్తలిద్దరిలో ఒక్కొక్కటి దాగి ఉండి, రెండూ కలిసినప్పుడే బిడ్డలో బయటపడతాయి. దగ్గర సంబంధాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మొదటి బిడ్డ ఇలా పుడితే రెండో గర్భానికి ముందే పెద్దాసుపత్రిలో జన్యు సలహా తీసుకోవాలి. ఇందులో సగం వచ్చేది తండ్రి వైపు నుంచి. కోడలిని పుట్టింటికి పంపేసే అత్తమామలు ఈ లెక్క తెలుసుకోవాలి.

చేయవలసిన పనులు నాలుగే. పుట్టిన ప్రతి బిడ్డ తల కొలిచి కార్డు మీద రాయాలి. చిన్న తల బిడ్డ పాలు తాగే తీరును మూడో నెలలో, ఆరో నెలలో ఇంటికి వెళ్లి చూడాలి. మింగుడు పరీక్ష, వ్యాయామం నెలకోసారి పల్లెలకు దగ్గరలో దొరకాలి. చిక్కిన బిడ్డను జబ్బు పేరుతో వదిలేయకుండా తీవ్ర పోషకాహార లోపం కింద వైద్యం చేయాలి. ఇందులో ఏదీ కోట్ల రూపాయల పని కాదు. జిల్లా వైద్యారోగ్య శాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తేలిపోయే పని. ఈ నెల తూకం నాడు కార్యకర్త కార్డు మీద చుక్క పెట్టాక తల్లిని ఒక్క మాట అడిగితే చాలు, మార్పు అక్కడే మొదలవుతుంది: "అమ్మా, బిడ్డకు ఎలా పడుతున్నావో ఒకసారి చూపిస్తావా?"